పొద్దుపుచ్చు మాటలు: హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగున ఆటకు, పనిలేనితనమునకు గల క్రియలు

ఒక ప్రాంతపు చరిత్ర వ్రాయబూనినవారు శాసనములను, కైఫీయతులను, పన్నుల దస్తరములను వెదకుదురు. వానిలో రాజులు, దానములు, పంటలు, శిస్తులు కనబడును. పని లేని వేళ జనులు ఏమి చేసిరో, దానిని ఏ మాటలతో చెప్పుకొనిరో ఆ కాగితములలో కానరాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు విషయమున ఈ కొరత మరింత పెద్దది. అక్కడ తెలుగు కచేరీలో నిలిచిన కాలము తక్కువ. ఇంటిలో, పొలములో, రచ్చబండ వద్ద, పిల్లల ఆటలో బ్రతికిన కాలము ఎక్కువ. కావున ఆ తెలుగు చరిత్ర తెలియగోరువారు ఆడుటకు, ఊరక తిరుగుటకు, పొద్దు పుచ్చుటకు గల క్రియలను పరిశీలింపక తప్పదు. పండితులు గ్రామ్యములని ప్రక్కకు నెట్టిన మాటలు వీనిలో పెక్కులు కలవు. ఐనను ఒక భాష మాట్లాడువారి మీద ఏ యే ప్రభుత్వములు నడచినవో, ఆ ప్రభుత్వములు వారిని ఏ కంటితో చూచినవో ఈ మాటలే ఎక్కువగా చెప్పగలవు.

ముందు ఆ నేలను గూర్చి కొంత చెప్పవలెను. తూర్పున కృష్ణగిరి పల్లము, పశ్చిమమున హోసూరు మెట్టసీమ. విజయనగర రాజ్యపు చివరి దినములలో పెనుకొండ రక్షణమున పేరుపడిన జగదేవరాయలకు ఈ సీమ లభించినది. పండ్రెండు దుర్గముల పేరిట దీనికి బారామహల్ అను వాడుక వచ్చినదని ప్రతీతి. తరువాత మైసూరు ఏలుబడి. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహల్ ఇంగ్లీషు కంపెనీ వశమైనది. హోసూరు సీమ మాత్రము మరి ఏడేండ్లు మైసూరుననే యుండి, టిప్పు సుల్తాను పతనానంతరము 1799లో కంపెనీకి వచ్చినది. రెండును సేలం జిల్లాలో చేరినవి. 1956లో భాషలను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు ఈ తాలూకాలు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి మారినవి. ఇన్ని మార్పులలోను తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో బేరమాడుచునే యున్నవి.

బేరమాడుట అనునప్పుడే ప్రస్తుత విషయము మొదలైనది. అమ్మువాడు గాని కొనువాడు గాని అక్కడ ఆట ఆడుట లేదు. ఐనను తెలుగువాడు దానిని ఆడుట అనియే అనును.

ఇంగ్లీషు భాషలో ఒక చిన్న క్రియకు అరౌండ్, అబౌట్ వంటి పదమును తగిలించి కొత్త అర్థము రాబట్టు పద్ధతి కలదు. ఫూల్ అరౌండ్ అనిన తుంటరితనము, మెస్ అబౌట్ అనిన పనికిరాని పనులతో ప్రొద్దు గడపుట, హ్యాంగ్ అరౌండ్ అనిన ఒక చోట ఊరక నిలిచియుండుట. ఇవి బడిపుస్తకములకన్న వీథిలో ఎక్కువగా వినబడు మాటలు. తెలుగున ఇట్టి పనిని చేయునది ఆడు అను క్రియ. అది నామము వెనుక చేరును: సరసమాడు, వేళాకోళమాడు, పరాచికములాడు, దోబూచులాడు, జూదమాడు. క్రియ వెనుకను చేరును: తిరుగాడు, పొరలాడు, పెనుగులాడు, వెదుకులాడు, తడుములాడు. చేరిన ప్రతిచోటను మూలార్థమునకు ఒక ఊపు నిచ్చును, చలనము నిచ్చును, ఒక్కసారితో ముగియని తనము నిచ్చును. వెదకుట ఒక పని. వెదుకులాడుట అటునిటు కలయబెట్టుచు చేయు పని. ప్రాకుట శిశువు చేయును. ప్రాకులాడుట పదవి కొరకు పెద్దలు చేయుదురు.

ఊరక తిరుగుటకే ఈ క్రియ ఎన్ని భేదములు చూపుచున్నదో గమనింపదగును. తిరుగాడుట సామాన్యమైన సంచారము, దానిలో తప్పు లేదు. తారాడుట ఒకరి చుట్టునో ఒక వస్తువు చుట్టునో మెల్లగా మసలుట. తచ్చాడువానిపై చూచువారికి అనుమానము కలుగును. వాడేదో కోరి వచ్చినాడు గాని చెప్పుట లేదు. నడయాడుట గౌరవవాచకము, దేవతలు, మహాత్ములు నడయాడిన చోటని చెప్పుదుము గాని దొంగ నడయాడినాడని చెప్పము. నాలుగు మాటలకును నిఘంటువులో సంచరించు అని ఒకే అర్థము వ్రాసిన పని ముగియదు.

ఈ ఆడు క్రియకు పరిధి ఎంతయనగా, దానికి బయట తెలుగువాని జీవితములో మిగులునది స్వల్పము. మాటలాడుట మాట్లాడుటయైనది. పెండ్లాడుదురు. స్త్రీ ప్రసవించినచో నీళ్లాడినదందురు. ఊపిరి ఆడకపోయినచో ప్రాణము పోవును. భయమున కాలు చేయి ఆడవు. గానుగలో నూనె ఆడింతురు, మరలో పిండి ఆడింతురు. అది కష్టించు పనియే. ఆడి తప్పరాదను సామెతలో ఆడుట ప్రమాణవాక్యమగుచున్నది. ఆటయు పనియు శత్రువులనెడి భావము ఈ క్రియను పుట్టించినవారికి లేదు. కదలుట అను మూలార్థమునుండి నాట్యము, క్రీడ, సంభాషణము, కలహము, బేరము, వివాహము అన్నియు కొమ్మలుగా వెడలినవి.

హోసూరులో నిలిచి చూచినచో ఇది తెలుగు సొత్తు మాత్రమే కాదని తెలియును. కన్నడమున మాతాడు, ఓడాడు, తిరుగాడు, తూగాడు. తమిళమున ఉరైయాడు, విళైయాడు, నడమాడు, ఊసలాడు, తళ్ళాడు. తమిళ నడమాడు తెలుగు నడయాడునకు తోబుట్టువు. కన్నడ తిరుగాడు మన తిరుగాడే. తెలుగు కొనియాడు, కన్నడ తమిళముల కొండాడు ఒక్క అచ్చున పోసిన మాటలు. తెలుగు కన్నడములలో అది పొగడుటగా మిగిలినది, తమిళమున పండుగ జరుపుటగా కూడ విస్తరించినది. తమిళ నీరాడు స్నానమాడుట. తెలుగు నీళ్లాడు ప్రసవించుట. దక్షిణ భాషలు ఒక కుటుంబమునకు చెందినవని ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ప్రతిపాదించెను, 1856లో కాల్డ్వెల్ దానిని విస్తరించెను. వారు చూపిన సర్వనామములు, సంఖ్యలు అట్లుండగా, ఈ సీమలో గోలీలాడు పిల్లవాడు మూడు భాషలలోను ఒకే క్రియతో తన పక్కింటివానిని ఆటకు పిలువగలుగుట అంతకు తక్కువ సాక్ష్యము కాదు. పులిజూదమును తమిళులు ఆడుపులి ఆట్టమందురు. అక్కడి మొదటి ఆడు మేక, చివరిది ఆట. రెంటిని కలిపి తికమకపడిన తెలుగు పిల్లలను గూర్చి నవ్వుకొనుట ఆ సీమలో సహజమే.

ఆడు తరువాత చెప్పదగినది తిరుగు, దానితోపాటు చుట్టు. పనిలేక గ్రామములో తిరుగువానిని తమిళులు ఊర్ సుట్రుకిఱాన్ అందురు, కన్నడిగులు ఊరు సుత్తుత్తానె అందురు, తెలుగువారు ఊళ్లు చుట్టబెట్టుచున్నాడందురు. ఇంగ్లీషు అరౌండ్ అనుటలోను చుట్టును అను అర్థమే కలదు. ఒకదానితో ఒకటికి సంబంధము లేని భాషలు ఒకే ఉపమానమునకు చేరినవి: పనిగలవాడు గమ్యమునకు సూటిగా పోవును, పనిలేనివాడు గుండ్రముగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చును. కోతి విషయమునను ఇట్టి ఏకీభావమే. ఇంగ్లీషువారు మంకీ అరౌండ్ అనగా, కన్నడిగులు మంగాట అనిరి, తెలుగువారు కోతిచేష్టలనిరి. ఐతే ఇంగ్లీషువారు అల్లరికి గుఱ్ఱమును కూడ తెచ్చి హార్స్ అరౌండ్ అనుచుందురు. కంపెనీ దినములలో సైన్యపు గుఱ్ఱములను పెంచిన మత్తిగిరి హోసూరు ప్రక్కనే యున్నను, మన వారికి గుఱ్ఱమున అల్లరి కనబడలేదు.

ఇంతవరకు చూచినవి జనులు తమకై కల్పించుకొన్న మాటలు. వీనిలో నింద తక్కువ. కఠినమైన నిందావాచకములను వెదకినచో అవి మరియొక చోటినుండి వచ్చినట్లు తెలియును. పోరంబోకు అను మాటను తీసికొందము. పనిపాటలు లేక తిరుగువానిని తెలుగునాట నేటికిని పోరంబోకు అని తిట్టుదురు. ఆ మాట తమిళ పుఱంపోక్కు. పుఱము అనగా వెలుపల, పోక్కు అనగా పోయినది. శిస్తు లెక్కకు వెలుపల పోయిన భూమి. చెరువు గర్భము, కళ్లము, పశువుల మేత బయలు, శ్మశానము, బండిబాట, గ్రామనత్తము ఇందులో చేరును. 1855లో విల్సన్ ప్రకటించిన రెవిన్యూ పదకోశమున ఈ మాటకు చోటు దొరకినది. అంతకు ముందే బారామహలులో 1792 మొదలు 1799 వరకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయుడు థామస్ మన్రో ప్రభృతులు పొలము పొలమునకు కొలత వేయించి, రైతు రైతునకు శిస్తు కట్టి, పిమ్మట రైతువారీ అని ప్రసిద్ధికెక్కిన పద్ధతికి పునాది వేసిరి. మద్రాసు రాజధాని భూమిపన్నుల చరిత్రలో ఈ ఏడేండ్లు ముఖ్యమైనవి. నాటి దస్తరములు బారామహల్ రికార్డులను పేర 1907 మొదలు భాగములుగా అచ్చైనవి.

అట్టి లెక్కలో ప్రతి చెక్కకును ఒక పేరు, ఒక మొత్తము, ఒక పట్టాదారు ఉండవలెను. మొత్తము లేని చెక్క పోరంబోకు. కాని ఊరివారికి ఆ చెక్కయే అన్నిటికన్న ఎక్కువగా వాడుకకు వచ్చునది. పశువులు మేయునది అక్కడ, పంట నూర్చునది అక్కడ, సంక్రాంతికి ఎద్దులను పరుగెత్తించునది అక్కడ, సాయంకాలము పిల్లలు బిళ్లంగోడు ఆడునది అక్కడ. శిస్తు ఇయ్యదు గనుక అది లెక్కకు బయట. అదే న్యాయమున కూలికి పోనివాడును, వ్యవసాయము చేయనివాడును పోరంబోకు మనిషియైనాడు. భూమికి పెట్టిన పేరు మనిషికి తిట్టుగా మారుటలో దస్తరపు దృష్టి జనుల నోటికి ఎక్కినది. జనులు ఆ దృష్టిని అంగీకరించిరా, లేక ఎగతాళిగా వాడుకొనిరా అనునది వేరు ప్రశ్న. రెండును జరిగియుండును.

హోసూరు దాటి అత్తిబెలె పొలిమేరలో అడుగిడినంతనే అట్టి భూమికే కర్ణాటకమున ఖరాబు అని పేరు. ఖరాబు పారశీ దారిని వచ్చిన మాట. చెడినది, పాడైనది అని అర్థము. ఒక రాష్ట్రము బయటిదని, వేరొక రాష్ట్రము చెడినదని వ్రాసికొన్న నేలపైననే ఇరువైపుల పిల్లలును ఆడుకొనిరి. బేవారసు అను తిట్టు కూడ ఈ కోవలోనిదే. అది వారసుడు లేని ఆస్తికి న్యాయస్థానపు మాట. మన వీథులలో దిక్కుమొక్కు లేక తిరుగువానికి పేరైనది. పోరంబోకు మాటకు గౌరవము తిరిగి తెచ్చుటకు ఈ మధ్య ప్రయత్నములు జరుగకపోలేదు. 2017లో కర్ణాటక సంగీత విద్వాంసుడు టి. ఎం. కృష్ణ చెన్నై సమీపమున ఎన్నూరు కయ్యను రక్షింపవలెనని పాడిన పాటకు ఆ మాటనే పేరుగా పెట్టిరి.

శిస్తు కట్టిన దొరలు మాత్రము పొద్దు పుచ్చుకొనలేదా? మన్రో ధర్మపురిలో ఒక తోట పెంచెను. 1799లో కెనరాకు బదిలీయై పోయిన పిమ్మట బారామహలును, ఆ తోటను తలచుకొని ఉత్తరములలో వగచెను. ఆ తోట ఏ లెక్కలో చేరినదో గాని, దానిని ఎవరును పోరంబోకు అనలేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో తిరుగు అను క్రియపై చట్టపు నీడ పడినది. లోఫరు అను మాట నేడు తెలుగున తుంటరికి తిట్టు. ఇది అమెరికాలో పుట్టి ఇండియాకు వచ్చినప్పుడు, ఉద్యోగము పోగొట్టుకొని బజారులలో తిరుగు తెల్లవారిని గూర్చి ఎక్కువగా వాడబడినది. అట్టివారిని పట్టి పనిశాలలలో ఉంచుటకును, సీమకు పంపుటకును 1874లో ఐరోపా దేశదిమ్మరుల చట్టము వచ్చినది. అంతకు మూడేండ్ల ముందు, 1871లో, ఉత్తర హిందూస్థానమున నేరస్థ జాతుల చట్టమును చేసిరి. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వర్తించినది. ఉప్పు, ధాన్యము ఎద్దులపై వేసికొని సంతనుండి సంతకు తిరుగు ఎరుకలవారి వంటి జాతులు పేర్లు నమోదు చేయించుకొని పోలీసులకు హాజరు పలుకవలసి వచ్చినది. తిరుగుట వారి బ్రతుకుదెరువు. చట్టమునకు అది అనుమానాస్పదమైన నడత. దేశమంతటను ఆ చట్టము 1952లో రద్దైనది. తిరుగుబోతు అను మాటలో మాత్రము ఆ అనుమానము నేటికిని మిగిలియున్నది. తిరుగుబోతు అను సమాసము చట్టముకన్న పాతదే కావచ్చును. ఐనను తిరుగాడుటలో లేని చేదు దానిలో ఉండుట చూడవలసినదే.

కాలక్షేపము కథ దీనికి భిన్నము. ఈ సంస్కృత సమాసమునకు అక్షరార్థము కాలము గడుపుట. తెలుగువాడు ఎట్లున్నావయ్యా అని అడిగినచో ఏదో కాలక్షేపమగుచున్నదనును, అప్పుడు అది జీవనము. పురాణ కాలక్షేపమనినచో అది పుణ్యకార్యము. తమిళదేశమున హరికథకు కాలక్షేపమనియే పేరు. శ్రీవైష్ణవులు గురుముఖమున గ్రంథము వినుటను కూడ అట్లే అందురు. పొద్దు పుచ్చుటయు భగవత్కథ వినుటయు ఒక్క మాటలో ఇమిడినవి. దేవాలయపు మండపమున కూర్చుండి రాత్రియెల్ల కథ వినువాడు సోమరి కాడు, కాలమును క్షేపించువాడు. ఇట్టిదే ఊరక అను మన మాటయు. తమిళ చుమ్మా, కన్నడ సుమ్మనె అనునవి పని లేక, కారణము లేక, వెల లేక, మాట లేక అను అర్థములన్నిటిని మోయును. ఇరుగుపొరుగుల సాంగత్యము వలన తమిళనాటి తెలుగులో సుమ్మా, సుమ్మనే అనునవి ఊరకే అనుదానికి బదులు ధారాళముగా వినబడుచున్నవి. తమిళ భక్తులు ఆ మాటనే మౌనమునకు, మనోలయమునకు వాడిరి. కూలివాడు చుమ్మా కూర్చుండిన మేస్త్రీ కోపగించును. జ్ఞాని చుమ్మా కూర్చుండిన లోకము నమస్కరించును.

ఇక నేటి స్థితి. తెలుగు మాండలికములను శాస్త్రీయముగా సేకరించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన వెలువడినది. అది వృత్తుల కోశము, ఆ రాష్ట్రపు కోశము. పనికి కోశము పుట్టినది గాని పనిలేనితనమునకు పుట్టలేదు. పొలిమేర ఇవతలి తెలుగు దానిలో చేరనూ లేదు. ఈ లోపల హోసూరు మారిపోయినది. 1970 దశకమునుండి సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలసినది. బస్సులు, మోటారు సైకిళ్లు చేయు కర్మాగారములు వచ్చినవి. 1980 దశకమున టైటాన్ గడియారముల కర్మాగారము వచ్చినది. పొద్దును సూర్యునిబట్టి పుచ్చిన ఊరు దేశమునకు గడియారములు సరఫరా చేయు ఊరైనది. పోరంబోకు బయళ్లు తరిగినవి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థుల కొరకు మినహాయింపులు కోరుట, న్యాయస్థానములకెక్కుట జరిగినది. దాని మంచిచెడ్డలు వేరుగా చర్చింపదగినవి. ఈ వ్యాసమునకు కావలసినంత మాత్రము ఇది: పాఠపు భాష ఏదైనను ఆటస్థలపు భాష దాని వెంటనే పోవును. ఇంటిలో అన్నము, నీళ్లు, అమ్మ, అవ్వ అను మాటలు తెలుగున నిలిచియున్నను, తోడివారితో ఆడు మాటలు ముందుగా మారును.

మారుటలోను ఒక క్రమము కలదు. క్రొత్తగా వచ్చిన ఊరకతిరుగుడు మాటలకు ఆడు తోడగుట లేదు. కొట్టు తోడగుచున్నది. గప్పాలు కొట్టు, సొల్లు కొట్టు, డుమ్మా కొట్టు, చక్కర్లు కొట్టు అనుచున్నారు. తమిళమున అడి, కన్నడమున హొడె ఇదే పని చేయుచున్నవి. అరట్టై అడి, హరటె హొడె అను మాటలు మన గప్పాలు కొట్టునకు సరిజోళ్లు. బడి ఎగ్గొట్టుట తమిళమున కట్ అడించుట, కన్నడమున బంక్ హొడెయుట. మూడు భాషలును ఒకే కాలమున ఒకే దారి పట్టినవి. సొల్లు అనగా తెలుగున చొంగ, లక్షణార్థమున వ్యర్థప్రసంగము. తమిళమున చెప్పు అని అర్థము. ఒకే వీథిలో రెండును వినబడునప్పుడు ఏది ఏదియో ముఖము చూచి తెలిసికొనవలెను. మరికొన్ని మాటలకు చేయు తోడైనది: టైంపాస్ చేయు, ఎంజాయ్ చేయు. కాలక్షేపమును ఇంగ్లీషున అక్షరము తప్పక మార్చినట్లున్న టైంపాస్ అను మాటలో పురాణము లేదు, హరికథ లేదు. వేరుసెనగ పొట్లము ఉన్నది.

సరసమాడు, వేళాకోళమాడు, చెరలాడు వంటివి అర్థమగుచునే యున్నవి గాని, వాని అచ్చున కొత్త మాట పుట్టుట అరుదైనది. సయ్యాటలాడు పాటలకు, నడయాడు స్తోత్రములకు పరిమితమగుచున్నది. తారాడునకు, తచ్చాడునకు గల భేదమును చెప్పగలవారు ముసలివారిలోనే ఎక్కువ. ఆడు గట్టిగా నిలిచిన చోటు నియమములు గల ఆటయే. క్రికెట్ ఆడుదురు, క్యారమ్స్ ఆడుదురు, మొబైల్‌లో గేమ్ ఆడుదురు. ఆ పిల్లలు తెలుగున అడిగినను, తమిళమున అడిగినను, కన్నడమున అడిగినను ఆ క్రియ మాత్రము ఇంకను ఒక్కటే.